వాల్‌బ్రూన్ కోట పైకప్పు

"మా ఆవిడకి నడకంటే పడదండీ," అన్నాడు రెజిస్, రొట్టె మీద వెన్న రాసుకుంటూ.

కాఫీ కూజాతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఒదీల్ ఈ మాట వినడం మొదటిసారి కాదు. అయినా విన్న ప్రతిసారీ తనకి పరిచయం లేని మనిషెవరి గురించో చెబుతున్నట్టే ఉంటుంది. బల్ల దగ్గర కూర్చున్న బెల్జియం దంపతులు ఆమెకేసి చూసి మర్యాదగా నవ్వారు. పాపం వాళ్ళడిగింది చిన్న ప్రశ్న. మాకున్నది ఇవాళ ఒక్కరోజే, తప్పకుండా చూడాల్సిందేదో మీరు చెప్పండి మేడమ్, అన్నారు. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. పొద్దున్నే అయితే సున్నపురాయి చరియ మీది కాలిబాట, అక్కడ నిలబడితే కింద నది మీద మంచు విడిపోవడం కనిపిస్తుంది. ఎండెక్కాక పాత వంతెన నుంచి మిల్లు దాకా పడవలో పోవచ్చు, మిల్లు దగ్గర మాత్రం ఎడమ పాయ పట్టుకోవాలి, కుడివైపు పోతే రాళ్ళకి తగులుకుంటారు. పావురాల బురుజు, యాత్రికుల సత్రం గోడలు దారిలోనే వస్తాయి. ఇక అన్నిటికన్నా ముఖ్యం వాల్‌బ్రూన్ కోటలో బొమ్మల గది. పైకప్పు నిండా పక్షులే, నాలుగొందల ఏళ్ళ కిందట వేసినవి. ఏడాది మొత్తం మీద, పాత కట్టడాలన్నీ జనానికి చూపించే ఈ రెండు వారసత్వ దినాల్లో మాత్రమే తలుపు తీస్తారు, ఇవాళ సాయంత్రంతో సరి, మీ అదృష్టం బాగుంది. బెల్జియం ఆవిడ కళ్ళు మెరిశాయి. "అన్నిట్లో మీకు ఏ పక్షి ఇష్టం?" అని అడిగింది. ఒదీల్ నోరు తెరిచింది. అప్పుడన్నాడు రెజిస్ ఆ మాట.

నడకంటే పడదా? ఎవరికి? చిన్నప్పుడు రెండు కొండలు దాటి బడికి పోయింది తను. పెళ్ళికి ముందు ఒక ఆదివారం ఇద్దరూ చరియ ఎక్కితే, సగం దారిలో రాయి మీద కూలబడి ఆయాసపడింది రెజిస్. ఆమె పైదాకా పోయి, తిరిగొచ్చి, అతని సంచీ కూడా మోసింది. ఆ సంగతి ఇద్దరూ కొన్నాళ్ళు చెప్పుకుని నవ్వుకున్నారు. తర్వాత పెళ్ళయింది, నోయెమీ పుట్టింది, ధాన్యపు కొట్టుని నాలుగు గదుల గెస్ట్‌హౌస్ చేశారు. ఆలోచన అతనిది, చీపురు ఆమెది. రెజిస్ పడవలు అద్దెకిస్తాడు, అతిథుల్ని కొండల మీదికి తీసుకెళ్తాడు, ఊరి పాత కట్టడాల సంఘానికి అధ్యక్షుడు కూడా. అతను బయట ఉంటాడు కాబట్టి ఆమె ఇంట్లో ఉండాలి. ఉండగా ఉండగా అది ఆమె స్వభావమని అతనికి స్థిరపడిపోయింది. "ఒదీల్ ఇల్లు కదిలే మనిషి కాదు" అని ముందు స్నేహితులకి చెప్పాడు, తర్వాత అతిథులకి చెప్పాడు, చివరికి ఆమెకే చెప్పాడు. ఎవరూ ఆమెని అడగలేదు. ఆమె కూడా కాదనలేదు, పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

మరి ఇవన్నీ ఆమెకెలా తెలుసంటే, వచ్చినవాళ్ళు చెప్పగా తెలుసు. సాయంత్రం అలసిపోయి వచ్చి, సూపు తాగుతూ, ఎక్కడ జారిపడ్డారో ఎక్కడ గుడ్లగూబ కూసిందో చెబుతారు. వాళ్ళు వదిలేసిన బూట్లు కడుగుతుంది కాబట్టి ఇంకొంచెం తెలుసు. ఎర్రమట్టి అంటుకుంటే చెస్ట్‌నట్ తోపు గట్టు, తెల్లటి పొడి అయితే పైన గొర్రెలు మేసే మైదానం, బూడిదరంగు జిగురు అయితే మిల్లు దగ్గర పడవ దిగారన్నమాట. ఈ ప్రాంతం మొత్తం ఆమె ఇంటి కాలవలోంచే పోయింది. ఒకసారి పారిస్ నుంచి వచ్చిన పెద్దాయన ఆమె చెప్పిన దారి పట్టుకుని వెళ్ళొచ్చి, "మీరు చెప్పినట్టే ఉందండీ, అచ్చంగా. మీరక్కడే పుట్టిపెరిగారా?" అని పొగిడితే, ఆ రాత్రి ఒదీల్ గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. ఎందుకేడుస్తోందో తనకే తెలియక, ఉల్లిపాయలని చెప్పింది. ఆ రోజు వంటలో ఉల్లిపాయ లేదని అత్తగారు ఉగెత్ కనిపెట్టేసింది కానీ ఏమీ అనలేదు.

వాల్‌బ్రూన్ సంగతి మాత్రం వేరు. ఆ కోటలో ఒదీల్ వాళ్ళమ్మ ఫెర్నాంద్ నేలలు తుడిచే పని చేసింది. పెళ్ళికి ముందు, తర్వాత, ఒదీల్ కడుపులో ఉన్నప్పుడు కూడా. పనివాళ్ళ పిల్లలు వంటింటి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. అందుకని అమ్మ ఇంటికొచ్చాక కథలా చెప్పేది. బొమ్మల గది నేలంతా ఎర్రమట్టి పలకలు. కిటికీ దగ్గర ఒక పలక మీద కుక్క అడుగు అచ్చుపడి ఉంటుంది, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే ఏదో కుక్క తొక్కి పోయింది. పొయ్యి గూటి ముందు నిప్పు పడి నల్లగా కాలిన చోటుంది, ఎంత రుద్దినా పోదు. గోడ వారన పలకలు కొంచెం వాలుగా ఉంటాయి, తడిగుడ్డ నీళ్ళన్నీ అటే జారతాయి. మధ్యలో నిగ్గు తేలిన వరుసలో జారిపడకుండా చూసుకోవాలి. కళ్ళు మూసుకుంటే ఒదీల్ ఆ గదిలో మోకాళ్ళ మీద పాకగలదు. కానీ ఆ గదికి పైకప్పు ఉందని, దానికోసం జనం దేశదేశాల నుంచి వస్తారని ఆమెకి తెలిసింది గెస్ట్‌హౌస్ తెరిచాక, అతిథుల నోటి వెంట. తెల్లబోయింది. అప్పటికి అమ్మ మంచం పట్టింది. వెళ్ళి అడిగింది. "పైకప్పా?" అంది ఫెర్నాంద్, కాసేపు ఆలోచించి. "ఉండే ఉంటుందిలే. కప్పు లేకుండా గదుంటుందా?"

ఆ జవాబు అప్పుడు నవ్వు తెప్పించింది. అమ్మ పోయాక అదే పీడకలయింది. అన్నేళ్ళు రోజూ ఆ గదిలోకి వెళ్ళిన మనిషి ఒక్కసారి తలెత్తి చూడలేదు. చూడకపోవడమేంటి, చూడొచ్చని కూడా తోచలేదు. అప్పటినుంచి ఒదీల్ మనసులో ఒక పట్టుదల. నేను చూస్తాను. అమ్మలా కాదు, కిందనుంచి కాదు, అతిథిలా వెళ్ళి తలెత్తి చూస్తాను. ఇంతకు మించి పెద్ద కోరికలేం కోరలేదామె. కానీ కోట తెరిచేది వారసత్వ దినాల్లో, ఆ రెండు రోజులే గెస్ట్‌హౌస్ కిటకిటలాడేది. ఏటా అడుగుతుంది. ఏటా రెజిస్ ప్రేమగానే, "వచ్చే ఏడు తప్పకుండా" అంటాడు. దయ్యాన్ని రేపు రమ్మని గోడ మీద రాసిపెడితే రోజూ వచ్చి చదువుకుని వెనక్కి పోతుందట. ఒదీల్ కూడా ఆ దయ్యం లాగానే బుద్ధిగా వెనక్కి పోయింది.

ఈసారి మాత్రం వచ్చే ఏడు లేదు. కోట యజమానురాలు పోయింది, మేనల్లుళ్ళు అమ్మేశారు, కొన్నాయన గేటుకి తాళం వేసుకుంటానన్నాడు. ఇక ఊరివాళ్ళెవరూ లోపల అడుగుపెట్టేది లేదు. ఆమె మోకాలికి కూడా వచ్చే ఏడు లేదు. నవంబరులో ఆపరేషన్ అన్నాడు డాక్టరు, అప్పటిదాకా వంగొద్దు, మోకాళ్ళ మీద కూర్చోవద్దు అని మరీ మరీ చెప్పాడు. అందుకే వారం ముందే గట్టిగా అడిగింది. రెజిస్ ఆలోచించి, ఆదివారం భోజనాలయ్యాక వెళ్ళు, అన్నాడు. ఉగెత్ కిటికీ దగ్గర కుర్చీలోంచి, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అని తనలో తాను అనుకుంది, అందరికీ వినపడేలా.

ఆ ఆదివారం ఇదే. పళ్ళేలు తీసి, పక్కలు సర్ది, నీలం ఏప్రన్ కట్టుకుని, తెల్ల కుచ్చుటోపీ పెట్టుకుని ఒదీల్ రేవు దగ్గరికి నడిచింది.

రేవంటే ఊరి మధ్య ఊటనీళ్ళ దగ్గర వందేళ్ళనాడు కట్టిన రాతి తొట్టి, పైన పెంకుల కప్పు. ఇళ్ళలో మిషన్లొచ్చాక పాడుబడితే రెజిస్ సంఘం వాళ్ళు బాగుచేయించారు. బాగుచేశాక ఖాళీగా ఉంటే ఎవరు చూస్తారని, ఆనాటి బట్టలుతకడం చేసి చూపించాలన్నాడు. ఉతికేవాళ్ళు ఎవరంటే సంఘంలో ఎవరూ చెయ్యెత్తలేదు. "మా ఒదీల్ ఉంది కదా" అన్నాడు. అప్పటినుంచి ఏటా ఆమే. మూడు పక్కల చెక్కలున్న పెట్టెలో గడ్డి వేసి, అందులో మోకాళ్ళూని, దుప్పటి నీళ్ళలో ముంచి, రాతి మీద సబ్బు రుద్ది, చెక్కతో బాదాలి. ఆ దుప్పట్లు నిజంగా అతిథులవే. శుక్రవారం మిషన్లో ఉతికి ఆరేసినవాటినే ఆదివారం రేవులో ఉతుకుతుంది. తొట్టి నాచు అంటుకుంటుంది కాబట్టి సోమవారం మళ్ళీ మిషన్లో ఉతుకుతుంది. ఉతికినవి మళ్ళీ ఉతకడమేంటని ఒకసారి అడిగితే, "పాత గుడ్డలైతే ఫోటోల్లో బాగుండవు" అన్నాడు రెజిస్.

"మోకాలి సంగతి డాక్టరు చెప్పాడు కదా," అని ఆ ఉదయం గుర్తు చేసింది.

"కాసేపే కదా. గడ్డి ఎక్కువ వేయించాను నీకోసం," అన్నాడతను. నిజంగానే వేయించాడు. అతను చెడ్డవాడని ఎవరికైనా చెబితే నమ్మరు. ఆమె కూడా నమ్మదు, అదే వచ్చిన చిక్కు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. రెజిస్ మైకు పుచ్చుకున్నాడంటే ఊటనీళ్ళు కూడా ఆగి వినాల్సిందే. "ఇది ఆనాటి ఆడవాళ్ళ శాసనసభ అండీ. ఊరి కబుర్లన్నీ ఇక్కడే తేలేవి. నవ్వులూ పాటలూ వేళాకోళాలూ, ఎంత కలివిడిగా బతికారో చూడండి. మనకేవీ ఆ రోజులు?" జనం తలలూపారు. అతని పక్కన కుర్చీలో ఉగెత్‌ని కూర్చోబెట్టారు, ఆ రోజుల మనిషిగా చూపించడానికి. ఎనభై దాటిన ఆవిడకి చెవి సరిగా వినపడదు గానీ పాటల మాట మాత్రం ఎలాగో వినపడింది.

"పాటలా?" అంది. "జనవరిలో మంచు పగలగొట్టి చేతులు ముంచితే నోట్లోంచి పాటొస్తుందట్రా నీకు? ఏడుపు రాకుండా బిగబట్టుకునేవాళ్ళం. నీ తమ్ముణ్ణి కన్న నాలుగో రోజు ఇక్కడికొచ్చాను నేను. మా అత్త పంపింది. నీళ్ళు ఎర్రబడితే పక్కావిడ నాకంటే ముందు చూసింది."

జనం ఒక్క క్షణం అటూ ఇటూ చూసుకున్నారు. "మా అమ్మకి వేళాకోళం ఎక్కువండీ," అన్నాడు రెజిస్. అందరూ హాయిగా నవ్వేశారు. ఒదీల్ చేతిలో చెక్క ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారి నోట ఈ మాట వినలేదు తను. తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. ఉగెత్ కూడా ఆమెనే చూస్తోంది. "ఆ బాదుడేంటమ్మాయ్, పిల్లిని జోకొట్టినట్టు," అంది. "గట్టిగా బాదు."

మధ్యాహ్నం రేవు గట్టు మీదే రొట్టె, పంది మాంసం ముక్కలు తిన్నారు. మోకాలు అప్పటికే పొంగింది, ఏప్రన్ కింద చెయ్యి పెట్టుకుని నొక్కుకుంటోంది. రెజిస్ మంచి ఉత్సాహంలో ఉన్నాడు. నీకో మంచి వార్త, అన్నాడు.

"నోయెమీతో మాట్లాడాను. వచ్చేస్తానంది. నవంబరు నుంచి గదుల పని తను చూసుకుంటుంది. నీకిక బెంగ లేదు."

నోయెమీ ఈ నెలే ఆల్ప్స్ కొండల్లో శిక్షణలో చేరింది. మనుషుల్ని కొండల మీదికి నడిపించే పని నేర్పే చోటు. అక్కడ సీటు కోసం రెండేళ్ళు తిరిగింది. మొన్న ఫోన్లో మంచు మీద ఎలా నడవాలో చెబుతూ ఊపిరాడనంత సంబరపడింది. "దాని చదువో?" అంది ఒదీల్.

"కొండలెక్కడికి పోతాయి? వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటాయి," అన్నాడు రెజిస్, చేతులు దులుపుకుంటూ. "నేనేం బలవంతం చేయలేదు. తనే అంది."

నిజం చెప్పాలంటే ఆ మాట విన్నప్పుడు ఒదీల్‌కి ముందు కలిగింది సంతోషం. పిల్ల ఇంటికొస్తుంది. పొద్దున్నే వంటింట్లో ఇంకొక మనిషి అలికిడి ఉంటుంది. దుప్పటి రెండో కొస పట్టుకోవడానికి ఇంకో రెండు చేతులు ఉంటాయి. ఇంతసేపూ కందిన కాలు కూడా ఆ క్షణం నొప్పి మర్చిపోయింది. ఆ తర్వాతే చేతిలో రొట్టె పక్కన పెట్టేసింది. కూతురొస్తోందని సంతోషించిందా, లేక తన చోట ఇంకొకరు మోకాళ్ళూనబోతున్నారని సంతోషించిందా? తేల్చుకోలేకపోయింది. రెజిస్ ఆమె మొహం చూసి, "చూశావా, నీకూ బాగానే ఉంది," అన్నాడు.

భోజనాలయ్యాయి. ఒదీల్ లేవబోయింది. అప్పుడే ఇంకో బస్సు వచ్చింది. బస్సునిండా ముసలివాళ్ళు, ఎంతో దూరం నుంచి వచ్చారు, ఒక్కసారి చూపించు, కాదంటే ఏం బాగుంటుంది, అన్నాడు రెజిస్. మళ్ళీ పెట్టెలో మోకాళ్ళూనింది. మళ్ళీ శాసనసభ, మళ్ళీ పాటలు. ఎండ పెంకుల కిందికి వాలుతోంది. కోట ఆరింటికి మూసేస్తారు. కొండ మీదికి నడక తన కాలుతో గంటకి పైనే, కారు తీద్దామంటే జనం కార్లన్నీ సందుకి అడ్డంగా పెట్టేశారు. రెజిస్ మాత్రం ఉతుకుసోడా చరిత్ర మొదలుపెట్టాడు. ఒదీల్ దుప్పటి పిండుతోంది. అతను మాట ఆపితే అడుగుదామని చూస్తోంది. అతను ఆపడని, ఎప్పుడూ ఆపలేదని, ఆగేదాకా ఎదురు చూడటమే తన బతుకంతా అయిందని ఆ రాతి మీద ఆమెకి తెలిసింది. దుప్పటి అక్కడే వదిలేసి, తొట్టి అంచు పట్టుకుని లేచింది.

"చూశారా, ఉతికేవాళ్ళ సమ్మె," అన్నాడు రెజిస్ మైకులో. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒదీల్ వెనక్కి తిరగలేదు.

కోట దారి చెస్ట్‌నట్ తోపులోంచి పోతుంది. ఎర్రమట్టి బూటుకి అంటుకోగానే గుర్తుపట్టింది, కడిగి కడిగి తెలిసిన మట్టి. ఎదురొచ్చేవాళ్ళు కోట చూసి దిగుతున్నారు. నమస్కారం చెబుతున్నారు, ఇద్దరు ముగ్గురు ఆగి ఫోటో తీసుకున్నారు. ఎందుకా అనుకుంది. ఏప్రన్, కుచ్చుటోపీ ఇంకా ఒంటిమీదే ఉన్నాయని అప్పుడు తట్టింది. తీసేద్దామంటే ఏప్రన్ వెనక ముడి తడిసి బిగుసుకుపోయింది, ఆగి విప్పుకునే వ్యవధి లేదు. సగం దారిలో మోకాలు మొండికేసింది. ఒక కొమ్మ విరుచుకుని ఊతగా పట్టుకుంది. ఒకప్పుడు ఇంకొకరి సంచీ మోసుకుంటూ కొండ దిగిన పిల్ల తనేనని నమ్మబుద్ధి కాలేదు. చాలా దుఃఖం వచ్చింది. దుఃఖపడటానికి కూడా టైము లేదని నడిచింది.

గేటు దగ్గర మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ ఆమెని చూసి ఊపిరి పీల్చుకుంది. "వచ్చారా, పొద్దుటినుంచి చూస్తున్నాం మీకోసం. వేషాల వాళ్ళు అటునుంచండీ, పనివాళ్ళ మెట్ల మీంచి."

నేను వేషాల మనిషిని కాదు, చూడ్డానికి వచ్చాను, అనాలి. అనలేదు. ఆయాసం ఒక కారణం. వాదిస్తే తలుపు వేసేస్తారేమోనన్న భయం ఇంకో కారణం. ఆవిడ చూపించిన సందులోకి తిరిగింది. ఇరుకైన రాతిమెట్లు, ఒక్కో మెట్టు మధ్యలో గిన్నెలా అరిగి ఉంది. వీటి మీంచే అమ్మ బకెట్లు మోసింది. కడుపులో నన్ను కూడా మోసింది. గోడ పట్టుకుని, నొప్పి కాలిని ఈడ్చుకుంటూ ఎక్కింది. అతిథిలా వస్తానని ఇన్నేళ్ళు అనుకుంది, కానీ ఈ దారినే రావలసి వచ్చింది.

బొమ్మల గదిలో జనం నిండుగా ఉన్నారు. అందరి మెడలూ వెనక్కి వాలి ఉన్నాయి. దీపాలు పైకి తిప్పి పెట్టారు. కాలేజీ పిల్ల ఒకతె చెబుతోంది: ఆ మూల కొంగలు, ఇటు బంగారు పిచ్చుకలు, మధ్యలో నెమలి, దూలాలన్నిటి మీదా వేసింది ఒకే చిత్రకారుడు, పేరు తెలియదు. ఒదీల్ మాత్రం కిందికి చూసింది. చూడాలనుకుని చూడలేదు, కళ్ళే పోయాయి. కిటికీ దగ్గర పలక మీద కుక్క అడుగు ఉంది. పొయ్యి గూటి ముందు నలుపుంది. గోడ వార వాలు ఉంది. జనం బూట్లతో తెచ్చిన ఎర్రమట్టి అంతటా ఉంది, ఇవాళ రాత్రి ఇది ఎవరు తుడుస్తారో అనుకుంది. వెంటనే తన మీద తనకి కోపం వచ్చింది. దీనికా వచ్చింది తను? గోడకి చెయ్యి ఆనించుకుని, ఊపిరి పీల్చుకుని, తలెత్తింది.

బూజు కనిపించింది.

దూలానికీ కొంగ మెడకీ మధ్య, దీపం వెలుగులో, బూడిదరంగు తెర. పక్కన ఇంకోటి. గాలికి కదులుతున్నాయి. పొడుగు కర్రకి గుడ్డ కట్టి, నిచ్చెన ఆ మూల వేసి, రంగు రాలకుండా మెల్లగా తియ్యాలి. ఆమె కుడిచెయ్యి పక్కకి పోయి కర్ర కోసం వెతికింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. పక్షుల్ని చూడు, అని తనని తాను బతిమాలుకుంది. పక్షులున్నాయి, వాటి మీద దుమ్ముంది. నెమలి ఉంది, నెమలి పక్కన ఈగల మచ్చలున్నాయి. చుట్టూ మనుషులు ఆహా అంటున్నారు, ఒకావిడ కన్నీళ్ళు తుడుచుకుంటోంది, వాళ్ళకేం కనపడుతోందో అది ఆమె కంటికి ఆనడం లేదు. అమ్మ తలెత్తలేదని ఇన్నాళ్ళూ జాలిపడింది. అమ్మ తలెత్తే ఉంటుంది. రోజూ ఎత్తే ఉంటుంది. ఎత్తినా కనపడింది పనే అయితే, ఇంటికొచ్చి కూతురికి చెప్పడానికేముంటుంది?

తాళం రెజిస్ దగ్గర ఉందనుకుంది ఇన్నేళ్ళు. రెండు గంటలు వదిలితే చాలు, తను వెళ్ళి చూసొచ్చేస్తుందనుకుంది. వదిలాక చూస్తే, చూసే మనిషే లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు, ఏ దుప్పటి మడతలో పోయిందో.

"మేడమ్, భలే ఉందండీ మీ వేషం," అంది ఎవరో పక్కనుంచి. చేతిలో ఫోను పట్టుకున్న పెద్దావిడ, ఎంతో మర్యాదగా. "కొంచెం మోకాళ్ళ మీద కూర్చుంటారా? నేల రుద్దుతున్నట్టు. పైన ఆ బొమ్మలూ కింద మీరూ, ఫోటో ఎంత బాగుంటుందో."

కూర్చోను అని అనుకునే లోపే మోకాళ్ళు వంగాయి. ఎర్రమట్టి పలకలు చల్లగా తగిలాయి. నొప్పి తొడదాకా పాకింది. చెయ్యి దానంతటదే ముందుకి చాచుకుని పలక మీద ఆనింది. ఆవిడ క్లిక్కుమనిపించింది, ఇంకో ఇద్దరు కూడా తీసుకున్నారు. చాలా సంతోషమండీ, అని చెప్పి వెళ్ళిపోయారు. ఒదీల్ లేవబోయింది. లేవలేకపోయింది. కాలు కొయ్యబారింది. జనం పలచబడుతున్నారు, మూసేస్తున్నామని కాలేజీ పిల్ల చెబుతోంది. ఏప్రన్ జేబులో ఫోను మోగింది. రెజిస్ అనుకుంది, రేవులో దుప్పట్లు అలాగే ఉన్నాయి కదా. తీసి చూస్తే నోయెమీ.

"అమ్మా, ఎలా ఉంది కాలు?" గొంతు హుషారు తెచ్చిపెట్టుకున్నట్టుంది. "నాన్న చెప్పారు, నువ్వు రోజూ ఏడుస్తున్నావనీ, నన్ను రమ్మని అడగలేక మొహమాటపడుతున్నావనీ. ముందే చెప్పొచ్చు కదమ్మా. ఇక్కడ మాట్లాడేశాను. సామాను సర్దుకుంటున్నా."

ఒదీల్ నేల మీదే ఉంది. ఎదుటి కిటికీ బయట కొండల మీద ఎండ పోతోంది. పిల్ల వస్తే ఎంత బాగుంటుందో మళ్ళీ ఒకసారి అనిపించింది, అలా అనిపించినందుకే ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. తను ఎప్పుడూ ఎవరికీ వద్దని చెప్పలేదు. ఎలా చెబుతారో కూడా తెలియదు.

"రావద్దు," అంది.

"అదేంటమ్మా?"

"రావద్దు నోయెమీ. కాలు బాగైనా, బాగవకపోయినా రాకు. నాన్న చెప్పినా రాకు. నేనే ఫోను చేసి ఏడుస్తాను, ఏడవకుండా ఉండలేను, నాకు తెలుసు. అప్పుడు కూడా రాకు."

"ఎక్కడున్నావమ్మా?" అంది నోయెమీ, మెల్లగా.

"వాల్‌బ్రూన్‌లో. బొమ్మల గదిలో ఉన్నా." కాలేజీ పిల్ల ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ వస్తోంది. "ఇక్కడ నెత్తిమీద అన్నీ పక్షులేనటే. నాకు బూజు కనపడుతోంది."